వయోజన విద్యాగురువు శ్రీ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు

విద్యకు వయోనియమము లేదని మన పూర్వులు శాస్త్రములందు చెప్పుటయే గాక కథలయందును చూపియున్నారు. మహాభారతమున ఉద్యోగపర్వమందు, నిదుర పట్టని వృద్ధుడగు ధృతరాష్ట్రుడు రాత్రివేళ విదురుని పిలిపించుకొని తెల్లవారువరకు నీతులు వినెను. యుద్ధము ముగిసిన పిదప ధర్మరాజు అంపశయ్యపై నున్న భీష్ముని చెంత కూర్చుండి రాజధర్మములు నేర్చెను. కౌశికుడను విప్రుడు మిథిలానగరమున మాంసవిక్రయము చేయు ధర్మవ్యాధుని యింటికేగి ధర్మసూక్ష్మముల నెరిగెను. వీరిలో నొక్కడును బాలుడు గాడు. ధృతరాష్ట్రుని మన రాత్రిపాఠశాలలకు మొదటి విద్యార్థి యనినను తప్పు లేదు. విన్నది ఆచరింపకపోవుట శిష్యుని లోపమే గాని గురువు లోపము గాదు.

ఈ ప్రాచీనసత్యమును ఇటీవలి కాలమున ఆంధ్రదేశపు పల్లెలలో ఆచరణకు దెచ్చుటకై జీవితమును ధారపోసిన మహనీయుడు శ్రీ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. వారి చరిత్రయందొక విశేషము కలదు. ఉపాధ్యాయ వృత్తి కొరకు శిక్షణ పొందుచుండిన వారిని నాటి తెల్లదొరల ప్రభుత్వము కళాశాల నుండి వెడలగొట్టెను. బడిలో చోటు దొరకని ఆ మనుజుడే బడి మొగమెరుగని పెద్దలకు గురువయ్యెను. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో స్మరింపదగిన పేరు వారిది.

జననము, విద్యాభ్యాసము

హరిసర్వోత్తమరావుగారు 1883వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించిరి. తల్లి భాగీరథీబాయి, తండ్రి వెంకటరావుగారు. పూర్వుల స్వస్థలము కడప జిల్లాలోని సింహాద్రిపురము. అది కలిమి గల కుటుంబము గాదు. కాలువనీటితో ఏటేట వరి పండించు మనకు ఆ సీమ కష్టము వెంటనే తోచదు. అచ్చట వాన పడినగాని గింజ లేదు. అట్టి చోట పేదయింటి బాలుడు పెద్దచదువు చదువుట సామాన్యము గాదు. అయినను వారు కర్నూలు, గుత్తి, నంద్యాల పట్టణములందు చదివి, పిదప మదరాసు చేరి క్రైస్తవ కళాశాలలో 1906లో ఎం.ఏ. పట్టమందిరి. ఆ దినములలో ఎం.ఏ. పట్టము పొందిన ఆంధ్రులు మిక్కిలి అరుదు. దొరలకు నమ్రుడై యుండినచో పెద్ద యుద్యోగము, దానివెంట బిరుదము వారి యింటి ముంగిట నిలిచియుండెడివి.

రాజమహేంద్రవరమున

ఉపాధ్యాయ శిక్షణకై వారు రాజమహేంద్రవరములోని శిక్షణ కళాశాలలో చేరిరి. 1905లో జరిగిన వంగ విభజనము వలన దేశమెల్ల అట్టుడికినట్లుడుకుచుండెను. 1907 ఏప్రిలు నెలలో శ్రీ బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు విచ్చేసి ఉపన్యాసములిచ్చిరి. వారి ఆంగ్లోపన్యాసములను శ్రీ చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెనుగున వినిపింపగా గోదావరీతీరము మారుమ్రోగెను. విద్యార్థులు వందేమాతర చిహ్నములను ధరించి తరగతులకు వచ్చుట ప్రారంభించిరి. ప్రిన్సిపాలు మార్క్ హంటరు దొర దానిని ధిక్కారముగా నెంచెను. విద్యార్థులకు ముందు నిలిచిన హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి బహిష్కృతులైరి. ప్రభుత్వోద్యోగమునకు వారు పనికిరారని ఉత్తర్వు వెలువడెను.

ఇరువదిమూడేండ్ల యువకుడు, పేదకుటుంబమునకు ఆశాదీపము, చదివిన చదువు ఫలమిచ్చు వేళ ఇట్లు వీధిన నిలిచెను. క్షమాపణము చెప్పుకొని తిరిగి చేరిన వారెందరో ఆ కాలమున కలరు. రావుగారు ఆ త్రోవ త్రొక్కలేదు.

కారాగారవాసము

1908లో వారు బెజవాడనుండి స్వరాజ్య అను వారపత్రికను ప్రారంభించిరి. ఆ సంవత్సరమే తిరునెల్వేలిలో ప్రజలపై కాల్పులు జరిగెను. ఆ క్రౌర్యమును గర్హించుచు విపరీతబుద్ధి అను శీర్షికతో స్వరాజ్య పత్రికలో నొక వ్యాసము వెలువడెను. అది రాజద్రోహమని ప్రభుత్వము రావుగారిపైనను, పత్రికతో సంబంధము గల శ్రీ బోడి నారాయణరావుగారిపైనను అభియోగము మోపెను. క్రింది న్యాయస్థానము విధించిన శిక్ష చాలదని ప్రభుత్వము పై న్యాయస్థానమునకు పోగా, రావుగారి శిక్ష మూడేండ్లకు పెరిగెను. రాజకీయ కారణమున చెరసాల కేగిన ఆంధ్రులలో వారిని ప్రథములుగా చెప్పుదురు.

వెల్లూరు చెరసాలలో వారిని రాజకీయ ఖైదీగా మన్నింపలేదు. బందిపోట్లకును హంతకులకును నడుమ నుంచిరి. కాళ్లకు కడియములు, మెడలో కొయ్యపలక, నెత్తిన ఖైదీల టోపీ, త్రాగుటకును తినుటకును మట్టిపాత్ర. ఎం.ఏ. చదివిన పండితునకు దొరతనము వారొసగిన బిరుదులివి. శిక్ష ముగిసి వెలుపలికి వచ్చిన పిమ్మట వేరొక శిక్ష ఎదురయ్యెను. పోలీసుల కంటబడుదుమను భయమున ఎరిగినవారే పలుకరించుటకు జంకిరి.

గ్రంథరచన, పత్రికలు

ఆ స్థితిలో వారిని చేరదీసిన మహానుభావుడు శ్రీ కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు. వీరు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్ర, ప్రకృతిశాస్త్రము, జీవితచరిత్రలు మొదలగువానిని ఆంగ్లమెరుగని తెలుగువారికి తెలుగున అందించుటకు పూనుకొనిరి. ఆ మండలి 1907లో ప్రకటించిన మొదటి గ్రంథమే హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాం లింకను చరిత్ర. రచయిత అప్పటికింకను చెరసాల చూడలేదు. అయినను ఆ గ్రంథవస్తువును చూచిన, రావుగారి ముందుజీవితమంతయు అందు సూచితమైనట్లే తోచును. లింకను అడవిపల్లెలో, మ్రానుల గుడిసెలో పుట్టినవాడు. బడిలో చదివిన దినములన్నియు కూడినను ఒక సంవత్సరము నిండదు. ఎరువు తెచ్చిన పుస్తకములు చదివి, పెద్దవాడైన తరువాత న్యాయశాస్త్రము తనంతట నేర్చి, తుదకు దేశాధిపతియై బానిసల సంకెలలు ద్రెంచినవాడు. స్వయంకృషిచే విద్య నార్జించిన అట్టివాని కథతో రావుగారి గ్రంథరచన ప్రారంభమగుట ఆలోచింపదగినది.

చెరవిడిన పిదప రావుగారు మదరాసు చేరి, లక్ష్మణరావుగారి ఆంధ్రవిజ్ఞాన సర్వస్వ నిర్మాణమున తోడ్పడిరి. ఆంధ్రపత్రికకు సంపాదకత్వము వహించిరి. హోంరూలు ఉద్యమమున తిరిగి ప్రచారము చేసిరి. స్త్రీలకొరకు సౌందర్యవల్లి యను పత్రికను నడిపిరి. రాయలసీమకు మరలి మాతృసేవ యను పత్రికను వెలువరించిరి. మదరాసు శాసనమండలిలో సభ్యులుగను కూర్చుండిరి. జనులు వారిని ఆంధ్రతిలకుడని గౌరవించిరి. ఇవన్నియు ఇతరులకు జీవితసాఫల్యముగా చాలియుండెడివి. కాని పత్రికను చదువువాడు చదువెరిగిన వాడే. శాసనమండలిలో మాటాడిన మాట అక్షరమెరుగని రైతునకు అందదు. 1911 జనాభా లెక్కలలో భారతదేశమున చదువను వ్రాయను నేర్చినవారు నూటికి ఆరుగురే. మిగిలిన తొంబది నలుగురికి స్వరాజ్యమును గూర్చి చెప్పవలెనన్న మార్గమేది? ఈ ప్రశ్నకు సమాధానముగా వారి ఉత్తరజీవితము నడచెను.

గ్రంథాలయోద్యమము

ఆంధ్రదేశమున గ్రంథాలయములు ప్రభుత్వము దయవలన పుట్టినవి గావు. నేటి పశ్చిమగోదావరి జిల్లాలో భీమవరము చెంతనున్న కుముదవల్లి గ్రామమున 1897లోనే శ్రీ భూపతిరాజు తిరుపతిరాజుగారు వీరేశలింగకవిగారి పేర గ్రంథాలయమును నెలకొల్పిరి. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసెను. ఇట్లు విడివిడిగా పుట్టిన గ్రంథాలయములను ఒక్కత్రాట కట్టుటకు శ్రీ అయ్యంకి వెంకటరమణయ్యగారు నడుము కట్టగా, 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ కూడెను. ఆ సభకు అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. గోదావరి పడమటి యొడ్డున ఖండవల్లిలో జన్మించిన ఈ కవీశ్వరునకు కంటిచూపు కొరవడియుండెను. చదువరులను చేరదీయు సభకు ఆయన అధ్యక్షుడగుట, విద్యకు నేత్రములకంటె అభిలాష ముఖ్యమని చాటినట్లాయెను. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము అచ్చటనే అవతరించెను.

హరిసర్వోత్తమరావుగారు ఈ సంఘమునకు పెక్కేండ్లు అధ్యక్షులుగ నుండి దానిని పోషించిరి. ఆ కాలపు కార్యకర్తలు గ్రంథాలయ యాత్రలు సాగించి, గ్రామగ్రామము తిరిగి, భజనలతోను హరికథలతోను జనమును చేర్చి పుస్తకములు చదివి వినిపించెడివారు. 1935లో శ్రీ పాతూరి నాగభూషణముగారు కృష్ణానది పడమటి కాలువపై కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ పడవ గ్రంథాలయమును నడిపించిరి. పడవ రేవునకు వచ్చిన దినమున పుస్తకమిచ్చి, తిరిగివచ్చు దినమున పుచ్చుకొనెడివారు. కాలువగట్టున పుట్టి పెరిగిన మనకు ఆ దృశ్యము కన్నుల గట్టినట్లుండును. రాజమహేంద్రవరమునకును బెజవాడకును నడుమ ధాన్యపు పడవలు నిడదవోలు, తాడేపల్లిగూడెము మీదుగ ఏలూరు చేరెడి దినములు మన పెద్దల నోట మనము విన్నవే. గోదావరి కాలువయు కృష్ణ కాలువయు కలిసికొనునది ఏలూరిలోనే గదా.

వయోజన విద్య

గ్రంథాలయమున పుస్తకములున్నవి. చదువరులేరి? ఈ చిక్కు గ్రంథాలయ కార్యకర్తలందరకును ఎదురైనదే. దీనికి మందు వయోజన విద్యయని రావుగారు నిశ్చయించిరి. గ్రంథాలయమును రాత్రిపాఠశాలయు ఒక్క బండికి రెండు చక్రములని వారి మార్గము. రాత్రిపాఠశాల అక్షరములు నేర్పును. కాని నేర్చిన అక్షరము వాడుకలో లేకున్న ఏడాదికో రెండేండ్లకో మరుపున పడును. నీరు పెట్టని నారువలె ఎండిపోవును. నేర్చినదానిని నిలుపుటకు చేరువలో పుస్తకముండవలెను. గ్రంథాలయము లేని రాత్రిపాఠశాల నిలువదు. రాత్రిపాఠశాల లేని గ్రంథాలయము కొలదిమంది విద్యావంతుల కాలక్షేపస్థలమగును. ఈ రెంటి యన్యోన్యాశ్రయమును గుర్తించుటయే వారి ఉద్యమమునకు కీలకము.

వయస్సు వచ్చినవానికి చదువు చెప్పుట బాలునకు చెప్పినట్లు గాదు. కొల్లేటి లంకలలో పుట్టిన బెస్తవానిని తలచుకొనుడు. ఉప్పుటేటి పోటునుబట్టి సరస్సున నీరెంత యెక్కునో, బుడమేరు, తమ్మిలేరు వరద వచ్చిన ఏ దారిన పోవునో, కొఱ్ఱమీను ఏ తుంగలో దాగునో అతడెరుగును. దోనె నడుపుటలో అతడు పండితుడు. అట్టివానిని బాలురవలె కూర్చుండబెట్టి బెత్తము చూపిన మరునాడు రాడు. అతని కెరుకయైన మాటలనుండి అక్షరములకు పోవలెను. చేప, వల, పంట, సిస్తు అను మాటలను అతడు నోట పలుకుచునే యుండును. ఆ మాట కాగితముపై ఎట్లుండునో చూపిన చాలును. తరగతి వేళయు వారి పనినిబట్టి యుండవలెను. నూర్పుల కాలమున రైతు రాలేడు. వేకువనే వలకు పోవువాడు రాత్రి ప్రొద్దుపోవువరకు కూర్చుండలేడు. ఇంటిపని తీరినగాని స్త్రీలు రాలేరు. ఈ సంగతులు తెలిసిన ఉపాధ్యాయులు కావలెననియే రావుగారు శిక్షణ శిబిరములు జరిపించి, పెద్దలకు తగిన వాచకములు వ్రాసిరి.

అక్షరజ్ఞానముతోనే విద్య ముగియునని వారు తలపలేదు. ఆరోగ్యము, వ్యవసాయము, సహకారసంఘముల పద్ధతి, ఓటు విలువ, దేశచరిత్ర, ఇవన్నియు వయోజన విద్యలోనివే. పురాణశ్రవణము, భజన, ఇష్టాగోష్ఠి గూడ అందు భాగములే. ఏలయన పగలంతయు కష్టించిన వృద్ధునకు నలుగురితో కూర్చుండుటయు నొక ఆహారము వంటిది.

నిరక్షరత వలన కలుగు నష్టము పూర్వము కరణపు లెక్కల నెరిగినవారికి చక్కగా తెలియును. ప్రోనోటుపై వేసిన నిశాని క్రింద ఎంత మొత్తము వ్రాసినారో వేసినవానికి తెలియదు. సిస్తు కట్టినట్లు పుచ్చుకొన్న రసీదులో ఏ సర్వే నంబరున్నదో తెలియదు. దస్తావేజులో హద్దు తప్పినను కోర్టుకు పోయిన పిదపగాని బయటపడదు. అరువది యేండ్లు భూమి దున్నినవాడు అర్ధరూపాయి కాగితమునకు భయపడుచుండెను. ఇట్టివాడు తన పేరు తాను వ్రాసిన దినమున అతని చేయి వణకుట చదువురాక గాదు, సంతోషముచేత. ఆ సంతోషమును తెలుగు పల్లెలకు పంచుటకే రావుగారి కడపటి సంవత్సరములు వ్యయమయ్యెను.

నిర్యాణము

స్వరాజ్యము వచ్చెను. 1948లో మదరాసు రాష్ట్రమున గ్రంథాలయ చట్టము పుట్టెను. 1951 జనాభా లెక్కలనాటికి దేశమున అక్షరాస్యులు నూటికి పదునెనిమిదిమందికి మాత్రమే చేరిరి. చేయవలసిన పని కొండంత యుండగా, 1960 ఫిబ్రవరి 29వ తేదీన హరిసర్వోత్తమరావుగారు దివంగతులైరి. నాలుగేండ్లకొకసారి వచ్చు తేదీ యగుటచే వారి వర్ధంతిని ఏటేట జరుపుకొనుటకు గూడ వీలు లేకున్నది. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయ చట్టము వెలువడెను. బెజవాడ పటమటలో గ్రంథాలయ సంఘమునకు ఏర్పడిన భవనమునకు సర్వోత్తమ భవనమని వారి పేరే పెట్టిరి.

వారు నాటిన విత్తు

వారి తరువాత ఆ పని ఆగలేదు. 1978 అక్టోబరు 2వ తేదీన జాతీయ వయోజన విద్యా కార్యక్రమము, 1988లో జాతీయ అక్షరాస్యతా సంస్థ ప్రారంభమయ్యెను. 1990 తరువాతి యేండ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగినది తెలుగువారందరు ఎరిగినదే. రాత్రిపాఠశాలలో చదువ నేర్చిన స్త్రీలు తమ వాచకములోని సీతమ్మ కథ చదివి, తమ బ్రతుకులతో పోల్చుకొని, ఊరి సారాదుకాణమును మూయించిరి. ఆ నిప్పు జిల్లాలు దాటెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. పెద్దలకు చదువెందుకని అడుగువారికి ఇంతకంటె వేరు సమాధానము వలదు.

ఇతర దేశములలోను ఇట్టి ప్రయత్నములు కలవు. డెన్మార్కు దేశమున 1844లోనే పల్లెయువకులకును రైతులకును ప్రజోన్నత పాఠశాల తెరచిరి. ఫ్రాన్సు దేశములోని తులూజ్ నగరమున 1973లో, ఉద్యోగము విరమించిన వృద్ధులకై మూడవ వయస్సు విశ్వవిద్యాలయమను పేర నొక సంస్థ పుట్టెను. అచ్చట పరీక్ష కొరకు గాక తెలిసికొనవలెనను కోర్కెతో వృద్ధులు తరగతులకు వత్తురు. విశ్రాంతి యనగా అరుగుపై ఒంటరిగా కూర్చుండుట గాదని ఆ దేశములవారును గ్రహించిరి. మన రచ్చబండకును పురాణకాలక్షేపమునకును ఆ తత్త్వము క్రొత్త గాదు. మనమే దానిని విడిచితిమి.

2011 జనాభా లెక్కలలో నాటి పశ్చిమగోదావరి జిల్లా యందు అక్షరాస్యులు నూటికి డెబ్బదినలుగురు. సంతసింపదగినదే. కాని మిగిలినవారిలో పెక్కురు మన తల్లులు, మన తాతలు. పింఛను కాగితముపై వ్రాసినది, బ్యాంకు పుస్తకములోని నిలువ, మందుసీసాపై ముద్రించిన మోతాదు, సెల్‌ఫోనులోనికి వచ్చు సందేశము, వీనికై వారు పరుల మొగము చూడవలసివచ్చుచున్నది. చదువు వచ్చిన వృద్ధులకును వేరొక లోటు కలదు. పిల్లలు పట్నములకును పరదేశములకును పోగా, సాయంకాలము మాటాడుటకు మనిషి కరవగుచున్నాడు.

ఈ రెండు లోటులును తీర్చుటకు తగిన స్థలము గ్రామ గ్రంథాలయమే. సాయంకాలము ఒక గంట వార్తాపత్రికను బిగ్గరగా చదివి వినిపింపవచ్చును. వారమునకొకనాడు భారత భాగవతములు చదివించి అర్థము చెప్పింపవచ్చును. వృద్ధులెరిగిన కొల్లేటి కథలను, వరదల సంగతులను, పాటలను విద్యార్థులచేత వ్రాయించి భద్రపరుపవచ్చును. అప్పుడు వృద్ధుడు శిష్యుడును, గురువును గూడ అగును. ధర్మవ్యాధుని కథ చెప్పునది ఇదియే.

హరిసర్వోత్తమరావుగారికి శిలావిగ్రహములకంటె ఇష్టమగు స్మారకము చదువరుల సంఖ్య పెరుగుటయే. రజతోత్సవ సంవత్సరమున ప్రతి చందాదారుడును తనతోపాటు ఒక పెద్దవారిని గ్రంథాలయమునకు తోడ్కొని వచ్చి, వారికొక పుట చదివి వినిపించినను, వారిచేత వారి పేరు వ్రాయించినను చాలును. ఏ దొరతనమును మూయింపజాలని రావుగారి పాఠశాల మన ఊరిలో తెరచియున్నట్లే.